వంతెనా, అద్దమా? సూఫీ చింతనలో మానవ ప్రేమ, దైవప్రేమ

సూఫీ మార్గం గురించి కాస్త విన్నవారికెవరికైనా ఒక సూత్రం పరిచయమై ఉంటుంది: మనిషికి మనిషి మీద కలిగే ప్రేమ దైవప్రేమకు వంతెన అని. పారసీక, ఉర్దూ సాహిత్యాలు మొదటిదాన్ని ఇష్కె మజాజీ అనీ, రెండోదాన్ని ఇష్కె హఖీఖీ అనీ పిలుస్తాయి. ఖవ్వాలీ వింటూ "ఇంతకీ ఇది ప్రియురాలి గురించా, దేవుడి గురించా?" అని ఎవరైనా అడిగితే "రెండూ" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ సమాధానం తప్పు కాదు గానీ మరీ సులువుగా దొరికేది. వంతెన అన్నాక దాటిన తరువాత దాన్ని వదిలేయాలా? వదిలేయక తప్పనిదాన్ని ప్రేమ అనవచ్చునా? వంతెన మీదే కాపురం పెట్టినవాడి గతి ఏమిటి? అసలు ఇక్కడ రెండు గట్లు ఉన్నాయా? ఈ ప్రశ్నల మీద సూఫీలు కొన్ని శతాబ్దాల పాటు వాదించుకున్నారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు, ప్రేమను గురించి మాట్లాడినందుకు న్యాయస్థానాల ముందు నిలబడ్డారు. వారందరిదీ ఒకే మాట అనుకోవడం వల్లనే ఆ చింతన మనకు పలుచగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

మూలగ్రంథంలోనే ఈ విషయానికి చోటుంది. ఖురాన్ 5వ అధ్యాయం 54వ వాక్యంలో, దేవుడు ముందుకు తీసుకురాబోయే ఒక జనసమూహం గురించి చెబుతూ "ఆయన వారిని ప్రేమిస్తాడు, వారు ఆయనను ప్రేమిస్తారు" అన్న మాట వస్తుంది. ఇందులో దేవుడి ప్రేమ ముందు, మనుషుల ప్రేమ తరువాత రావడాన్ని సూఫీలు ఎన్నడూ మరచిపోలేదు. మనిషి తనంతట తానుగా ప్రేమించడం మొదలుపెట్టడనీ, తనను ముందే ప్రేమించినవాడికి బదులు పలుకుతాడనీ వారు దాన్ని చదువుకున్నారు. బుఖారీ సంకలనంలోని ఒక ప్రసిద్ధ హదీసు, అంటే ప్రవక్త పలుకుగా చేరవేసిన మాట, దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళుతుంది: విధిగా చేయవలసినవాటికి మించిన ఆరాధనలతో దాసుడు దగ్గరవుతూ వస్తే దేవుడు అతణ్ణి ప్రేమిస్తాడు, ప్రేమించాక అతడు వినే చెవీ, చూసే కన్నూ, పట్టుకునే చెయ్యీ తానే అవుతాడు. ఇంత ఆధారం ఉన్నా, తర్కంలో ఆరితేరిన మతపండితులలో చాలామంది ఇబ్బంది పడ్డారు. ప్రేమ పుట్టాలంటే ఏదో ఒక కొరత ఉండాలి, దేవుడికి కొరత లేదు. ప్రేమ సాటివారి మధ్య పుడుతుంది, దేవుడికి సాటి లేదు. అందుచేత దేవుడిని ప్రేమించడమంటే ఆయన ఆజ్ఞకు లోబడడమేననీ, ఆయన ప్రేమించడమంటే అనుగ్రహించడమేననీ వారు అర్థం చెప్పారు. ప్రేమ అంటే ప్రేమేనని ఒప్పించడం సూఫీల మొదటి పని అయింది.

ఆ పని మొదలుపెట్టినవారిలో అందరూ తలుచుకునే పేరు బస్రా నగరానికి చెందిన రాబియా అల్ అదవియ్యా. ఆమె 801లో మరణించారు. స్వయంగా రాసినదేదీ మనకు దక్కలేదు. మనం వినే కథల్లో చాలావాటికి రూపం ఇచ్చినది ఆమె తరువాత దాదాపు నాలుగు వందల ఏళ్లకు అత్తార్ అనే కవి పారసీకంలో కూర్చిన సాధువుల చరిత్ర. నరకానికి భయపడి నిన్ను కొలిస్తే నన్ను నరకంలోనే కాల్చు, స్వర్గానికి ఆశపడి కొలిస్తే స్వర్గం నుంచి నన్ను వెలివెయ్యి, నీ కోసమే కొలిస్తే మాత్రం నీ సౌందర్యాన్ని నాకు దాచకు అన్న ప్రార్థన ఆమెదిగానే ప్రసిద్ధం. అంతగా ఉదహరించని మరో కథ ఇక్కడ మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ప్రవక్తను ప్రేమిస్తున్నావా అని ఎవరో అడిగితే, సృష్టికర్త మీది ప్రేమ తనను ఎంతగా నింపిందంటే సృష్టిలోని ఏ ప్రాణి మీద ప్రేమకూ అందులో చోటు మిగలలేదని ఆమె జవాబిచ్చారట. పెళ్లి ప్రస్తావనలను కూడా ఆమె ఇదే తీరుగా తోసిపుచ్చినట్టు కథలు చెబుతాయి. ఇక్కడ వంతెన ఊసే లేదు. సూఫీ ప్రేమ చరిత్ర మొదట్లో మానవ ప్రేమ దైవప్రేమకు పోటీదారు మాత్రమే.

తరువాతి తరాల్లో గొడవ తీవ్రత గురించి వచ్చింది. ఖురాన్ వాడిన హుబ్బ్ అనే మాటతో ఎవరికీ పేచీ లేదు. ఇష్క్ అలా కాదు. అది మతి పోగొట్టే వలపు, అరబ్బీ కవులు ఎడారి ప్రేమికులకు వాడిన మాట. 9వ శతాబ్ది రెండో సగంలో బాగ్దాదులో అబుల్ హుసేన్ నూరీ అనే సూఫీ తనకు దేవుడి మీద ఇష్క్ ఉందనీ, దేవుడికీ తన మీద ఇష్క్ ఉందనీ అన్నాడు. గులామ్ ఖలీల్ అనే ప్రచారకుడు దీన్ని మతద్రోహమని ఖలీఫా దర్బారుకు ఎక్కించాడు. నూరీ ఇచ్చిన సమాధానం గమనించదగ్గది: ఇష్క్ హుబ్బ్ కంటే పెద్దదేమీ కాదు, ప్రేమించేవాడు తన ప్రేమ ఫలాన్ని అనుభవిస్తాడు, ఇష్క్‌లో పడ్డవాణ్ణి మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తారు. అంటే అతడు తన మాటలో గొప్పతనాన్ని చెప్పుకోలేదు, ఎడబాటును చెప్పుకున్నాడు. శిక్ష అమలు చేసే తలారి ముందుకు తన సహచరుల కంటే ముందుగా అతడే వెళ్లాడనీ, వారికి ఇంకొన్ని క్షణాల ఆయుష్షు దొరుకుతుందని కారణం చెప్పాడనీ, దానితో విచారణ మలుపు తిరిగి అందరూ విడుదలయ్యారనీ సూఫీ గ్రంథాలు చెబుతాయి. 922లో అదే నగరంలో మరో సూఫీ హల్లాజ్‌కు ఆ అదృష్టం లేకపోయింది. అతని మరణశిక్ష వెనుక దర్బారు రాజకీయాలు కూడా బలంగా ఉన్నాయి కనుక అతడిని కేవలం ప్రేమకు బలైనవాడిగా చూడడం సరికాదు. మన విషయానికి పనికివచ్చేది అతని ఆలోచన: సృష్టికి పూర్వం దేవుడు ఏకాంతంలో తనలోని ప్రేమనే తాను చూసుకున్నాడనీ, ఆ ప్రేమను ఎదుట నిలుపుకుని చూడాలనుకుని ఆదమును తన రూపంలో నిలిపాడనీ హల్లాజ్ భావించాడు. ప్రేమ మనిషి నుంచి పైకి ఎగబాకేది అన్న ఊహ ఇక్కడ తలకిందులైంది. "నేనొక గుప్త నిధిని, నన్ను ఎరగాలని ప్రేమించాను, అందుకే సృష్టించాను" అన్న దైవవాక్కును సూఫీలు పదేపదే ఉదహరించడం కూడా ఈ భావనకు కొనసాగింపే. హదీసు పండితులు దానికి ప్రామాణిక పరంపర లేదన్నారు. సూఫీలు అర్థం సత్యమన్నారు.

ఈ చెల్లాచెదురు ఆలోచనలను పండితులు కాదనలేని తర్కంగా కూర్చినవాడు అబూ హామిద్ గజాలీ (మరణం 1111). 40 భాగాల తన మహాగ్రంథంలో 36వ భాగాన్ని ప్రేమకు కేటాయించి, మనిషి దేన్నైనా ఎందుకు ప్రేమిస్తాడన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టాడు. ఐదు కారణాలు చెప్పాడు. మనిషి తన ఉనికినీ అది నిలవడాన్నీ ప్రేమిస్తాడు. తనకు మేలు చేసినవారిని ప్రేమిస్తాడు. తనకు మేలు కలగకపోయినా, ఎక్కడో దూరాన మంచి చేసే మనిషి ఉన్నాడంటే అతణ్ణీ ప్రేమిస్తాడు. సౌందర్యాన్ని, దానివల్ల వచ్చే లాభం చూడకుండా, ప్రేమిస్తాడు. కారణం తెలియని అంతరంగ సామ్యం వల్ల ఒక్కొక్కసారి ఇంకొకరిని ప్రేమిస్తాడు. సౌందర్యం అంటే కంటికి కనిపించేదే కదా అన్నవారికి గజాలీ చెప్పిన ఉదాహరణ చక్కనిది: ఎప్పుడో మరణించిన ధర్మశాస్త్రవేత్త ఇమామ్ షాఫీని జనం ప్రేమిస్తున్నారు, ఆయన కోసం ఆస్తినీ ప్రాణాన్నీ ఇవ్వడానికి సిద్ధపడుతున్నారు, వారిలో ఎవరూ ఆయన ముఖం చూడలేదు, వారు ప్రేమించేది ఆయన జ్ఞానాన్నీ శీలాన్నీ. ఆ తరువాత గజాలీ ఐదు దారులనూ ఒకే చోటికి చేరుస్తాడు. ఉనికి ఇచ్చినవాడు, అసలైన మేలు చేసేవాడు, సౌందర్యానికి మూలమైనవాడు, మనిషిలోకి తన ఊపిరి ఊదినవాడు దేవుడే అయినప్పుడు, ప్రేమించదగినవాడు నిజానికి ఆయన ఒక్కడే. మనిషి మీద మనం చూపే ప్రేమ అబద్ధం కాకపోయినా చిరునామా సగమే రాసిన ఉత్తరం లాంటిదన్నమాట. ఈ వాదంలో లోపం వెతకడం కష్టం. కానీ చదివాక ఒక చిన్న అసంతృప్తి మిగులుతుంది: ఇందులో ఎవరూ ఎవరి కోసమూ నిద్ర మానుకోరు.

ఆ లోటును తీర్చినవాడు గజాలీ సొంత తమ్ముడే. అహ్మద్ గజాలీ (మరణం 1126) పారసీకంలో రాసిన "సవానిహ్" చిన్న చిన్న ఖండికల పుస్తకం. తాను ప్రేమ గురించి రాస్తున్నాననీ, దాన్ని సృష్టికర్తకు గానీ సృష్టికి గానీ అంటగట్టకుండా రాస్తున్నాననీ అతడు మొదట్లోనే చెప్పేస్తాడు. అన్న ఏ ప్రశ్నతో మొదలుపెట్టాడో దాన్నే తమ్ముడు పక్కకు తోశాడు. ప్రేమించేవాడు, ప్రేమను అందుకునేవాడు, ప్రేమ అనే ముగ్గురిలో అతనికి ముఖ్యం ప్రేమే. మిగిలిన ఇద్దరూ దాని నుంచి పుట్టినవారు. ఇందులో ఒక కథ ఉంది. హమామ్ (స్నానశాల) కింద మంట వేసే ఒక కూలివాడు రాజును ప్రేమించాడు. రాజుకు సంగతి తెలిసి శిక్షించబోతే, తన చేతిలో లేనిదానికి మనిషిని శిక్షించడం న్యాయం కాదని మంత్రి ఆపాడు. రాజు రోజూ ఆ దారినే వెళ్లేవాడు, కూలివాడు కూర్చుని చూసేవాడు, రాజు తన నడకకు కాస్త హొయలు చేర్చుకునేవాడు. ఒక రోజు కూలివాడు అక్కడ లేడు. రాజు హొయలంతా సిద్ధం చేసుకుని వచ్చాడు, దాన్ని అందుకునే చూపు లేకపోయేసరికి ముఖం వాడిపోయింది. అతణ్ణి శిక్షించవద్దన్నది ఇందుకేనని, అతని అవసరం మనకే ఉందని మంత్రి అన్నాడు. తన సౌందర్యాన్ని తాను చూసుకోవడానికి ప్రియతముడికి ప్రేమికుడి కన్ను అద్దంగా కావాలన్నది అహ్మద్ గజాలీ ఈ కథతో చెప్పే సంగతి. దేవుడికి కొరత లేదు కనుక ప్రేమ ఉండదన్న పాత తర్కానికి ఇంతకంటే సాహసమైన సమాధానం నేనెరుగను. అతడు దేవుడి పేరు ఎత్తలేదు కనుక ఎవరూ అతణ్ణి తప్పు పట్టలేకపోయారు కూడా.

అయితే అద్దం ఉపమానానికి ఒక ప్రమాదం అంటుకుని ఉంది. మనిషి ముఖంలో దైవ సౌందర్యం ప్రతిఫలిస్తుందంటే, అందమైన ముఖాన్ని చూస్తూ కూర్చోవడమే ధ్యానం కావాలి కదా? కొందరు సూఫీలు అక్షరాలా ఆ పని చేశారు. సమా అనే సంగీత గోష్ఠుల్లో అందమైన యువకులను ఎదుట కూర్చోబెట్టుకుని వారిని దైవ సౌందర్యానికి సాక్షులని పిలిచారు. అహ్మద్ గజాలీ మీద కూడా ఈ అపవాదు ఉంది. ఈ విషయాన్ని కప్పిపెట్టి సూఫీ ప్రేమను శుభ్రంగా చూపించే పుస్తకాలు చాలానే ఉన్నాయి గానీ, నాటి సూఫీలే దాన్ని కప్పిపెట్టలేదు. లాహోరులో సమాధి అయిన హుజ్వీరీ 11వ శతాబ్దిలోనే ఈ అలవాటును నిషిద్ధమని గట్టిగా ఖండించాడు. తరువాతి శతాబ్దంలో బాగ్దాదు పండితుడు ఇబ్నుల్ జౌజీ దీన్ని సైతాను మోసాల పట్టికలో చేర్చాడు. అన్నింటికంటే సూటిగా తగిలే విమర్శ మాత్రం కవి రూమీకి గురువైన షమ్స్ తబ్రీజీ పేరున ఉంది. ఈ సాధన చేసే ఔహదుద్దీన్ కిర్మానీ తానేం చేస్తున్నాడో చెబుతూ, నీళ్ల పళ్లెంలో చంద్రుణ్ణి చూస్తున్నానన్నాడట. మెడ మీద కురుపేమీ లేకపోతే తలెత్తి ఆకాశంలోకే చూడవచ్చు కదా అని షమ్స్ అడిగాడట. ఈ వెక్కిరింతలో ఒక వాదం ఉంది: ప్రతిబింబంతో తృప్తి పడేవాడు చంద్రుణ్ణి కోరుకోవడం లేదు, పళ్లెం తన చేతిలో ఉండడాన్ని కోరుకుంటున్నాడు.

ఈ పేచీకి పూర్తిగా వేరే జవాబు ఇచ్చినవాడు ఇబ్న్ అరబీ. అండలూసియాలోని ముర్సియాలో 1165లో పుట్టి 1240లో డమాస్కస్‌లో మరణించిన ఈ తత్త్వవేత్త, 1202లో మక్కా చేరి అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక గురువు దగ్గర హదీసు చదువుకున్నాడు. ఆ గురువు కుమార్తె పేరు నిజామ్. ఆమె విద్యనూ వాక్చాతుర్యాన్నీ సౌందర్యాన్నీ వర్ణిస్తూ, తాను రాసిన ప్రేమగీతాల్లో ప్రతి పేరూ ఆమెనే ఉద్దేశించినదనీ, అదే సమయంలో ఆ మాటలన్నీ దైవ రహస్యాలకు సంకేతాలనీ "తర్జుమానుల్ అష్వాఖ్" అనే గీతసంపుటి ముందుమాటలో చెప్పుకున్నాడు. అలెప్పోలో ఒక ధర్మశాస్త్ర పండితుడు, ఇవి మామూలు శృంగార పద్యాలే, పరువు కోసం రచయిత వాటికి దైవమనే ముసుగు వేస్తున్నాడన్నాడు. శిష్యులు ఆ మాట చేరవేయగా ఇబ్న్ అరబీ తన పద్యాలకు తానే వ్యాఖ్యానం రాసి, ప్రతి లేడి కన్నుకూ ప్రతి మెరుపుకూ పారమార్థిక అర్థం చెప్పాడు.

ఆ వ్యాఖ్యానం భయంతో రాసిన సంజాయిషీ అనుకునేవారున్నారు. నాకు అలా తోచదు. అతని తత్త్వంలో దేవుడు తన సారంలో ఎవరికీ అందడు. ఏదో ఒక రూపంలో వెలువడినప్పుడే మనకు అందుతాడు. అలాంటప్పుడు నిజామ్‌ను తొలగించి ఆమె వెనుక ఉన్న అర్థాన్ని మాత్రం పట్టుకోవడం కుదరదు, ఎందుకంటే ఆమె ఆ అర్థం కనబడిన చోటు. తన మరో గ్రంథం "ఫుసూసుల్ హికమ్" చివరి అధ్యాయంలో అతడు ఇంకా ముందుకు వెళ్లి, స్త్రీలో దైవాన్ని దర్శించడం అన్ని దర్శనాల్లోనూ పరిపూర్ణమైనదని రాశాడు. అయితే అక్కడ దైవాన్ని చూడకుండా కేవలం కోరిక తీర్చుకునేవాడికి ఆత్మ లేని ఆకారమే దక్కుతుందని కూడా చేర్చాడు. షమ్స్ ప్రశ్నకు ఇబ్న్ అరబీ పక్షాన సమాధానం చెప్పమంటే, ఆకాశమూ ఒక పళ్లెమేనని చెప్పవలసి ఉంటుంది.

"తర్జుమానుల్ అష్వాఖ్" సంపుటిలోనే, తన హృదయం ప్రతి రూపాన్నీ స్వీకరించగలదైందనీ, అది లేళ్లకు పచ్చిక బయలు, సన్యాసులకు మఠం, విగ్రహాలకు గుడి, యాత్రికుడికి కాబా అనీ, ప్రేమ ఒంటెలు ఎటు తిరిగితే అటే తన మతమనీ చెప్పే పద్యం ఉంది. మతాలకు అతీతమైన విశ్వప్రేమకు పతాకంగా దాన్ని ఈ రోజుల్లో తెగ ఉదహరిస్తారు. రచయిత తన వ్యాఖ్యానంలో మాత్రం దాన్ని, దేవుణ్ణి ప్రేమిస్తే నన్ను అనుసరించండి, దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తాడు అని ప్రవక్తతో చెప్పించే ఖురాన్ వాక్యానికి ముడిపెట్టాడు. అతని విశాలత ఇస్లాం లోలోతుల్లోంచి తవ్వి తీసినది, దాని బయట నిలబడి సాధించినది కాదు. ఈ సంగతి మరచి పద్యాన్ని మాత్రం ఎత్తుకుపోవడం అతనికి మర్యాద చేసినట్టు కాదు.

ఇక రూమీ. 1244లో, నేటి తుర్కియేలోని కోన్యాలో షమ్స్ ఎదురుపడే నాటికి జలాలుద్దీన్ రూమీ శిష్యులున్న మతాచార్యుడు. షమ్స్ వచ్చాడు, వెళ్లిపోయాడు, మళ్లీ వచ్చాడు, చివరికి కనిపించకుండా పోయాడు. ఆ వియోగంలోంచి పుట్టిన గజళ్లలో చాలావాటి చివర రూమీ తన పేరుకు బదులు షమ్స్ పేరు పెట్టాడు. మానవ ప్రేమకూ దైవప్రేమకూ మధ్య గీత ఎక్కడో ఈ గజళ్లలో వెతకడం దండగ. ఆ గీత గురించి రూమీ నిజంగా తలపట్టుకుని ఆలోచించినది పాతిక వేల పైచిలుకు ద్విపదల "మస్నవీ"లోని మొట్టమొదటి కథలో. వేటకు వెళ్లిన రాజు ఒక దాసిని చూసి ప్రేమించి కొనుక్కుంటాడు. ఆమె జబ్బు పడుతుంది. దేవుడి చిత్తమైతే అన్న మాట కూడా అనకుండా తమ నైపుణ్యాన్నే నమ్ముకున్న వైద్యులు విఫలమవుతారు. రాజు ఏడ్చి ప్రార్థించాక ఒక దైవ వైద్యుడు వస్తాడు. ఆమె నాడి పట్టుకుని ఒక్కొక్క ఊరి పేరే అడుగుతూ పోతాడు. సమర్ఖండ్ పేరు వినగానే నాడి ఎగురుతుంది. ఆమె మనసు అక్కడి ఒక కంసాలి మీద ఉంది.

ఇక్కడే కవి, ప్రేమ ఇటువైపుదైనా అటువైపుదైనా చివరికి మనల్ని నడిపించేది అటువైపుకే అంటాడు. వంతెన సూత్రానికి ప్రమాణంగా అందరూ చూపించే ద్విపద ఇది. కథ అక్కడితో ఆగదు. వైద్యుడి సలహాతో రాజు కంసాలిని పిలిపించి దాసిని అతనికే ఇస్తాడు. ఆరు నెలలు వారు కోరిక తీరా కలిసి ఉంటారు, ఆమెకు జబ్బు నయమవుతుంది. అప్పుడు వైద్యుడు కంసాలికి ఒక మందు తాగిస్తాడు. అతడు కృశించి, వన్నె తగ్గి, వికారంగా మారుతూ ఉంటే ఆమె ప్రేమ కూడా కొంచెం కొంచెంగా చల్లారుతుంది. రంగు కోసం పుట్టిన ప్రేమలు ప్రేమలు కావు, చివరికి అవి అవమానమే అని అదే కవి అదే కథలో అంటాడు. చనిపోయేవారి మీది ప్రేమ నిలవదు, ఎప్పటికీ ఉండే ఆ సజీవుణ్ణే ఎంచుకో అని బోధిస్తాడు.

నీతి స్పష్టంగా ఉంది, వ్యాఖ్యాతలు దాన్ని ఇంకా స్పష్టం చేశారు: రాజు ఆత్మ, దాసి మనసు, కంసాలి ప్రపంచం. అంత తేలికగా సర్దుకోనిది కంసాలి చావు. తన నెత్తుటి కోసం తనను పిలిపించారని తెలుసుకున్న ఆ మనిషికి రూమీ మంచి మాటలు ఇచ్చాడు. కస్తూరి కోసం వేటగాడు నెత్తురు చిందించిన జింకను నేనని అతడు వాపోతాడు. ఈ లోకం ఒక కొండ, మన పనులు అరుపులు, ప్రతిధ్వని మన దగ్గరికే తిరిగి వస్తుంది అని హెచ్చరించి చనిపోతాడు. దుష్టపాత్రకు ఏ కవీ ఇంత గొప్ప ఉపమానం అప్పగించడు. తరువాత రూమీ ఆ హత్యను సమర్థిస్తూ చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది. అది దైవప్రేరణతో జరిగిందనీ, ఖురాన్‌లో మూసా ప్రవక్తకు అర్థం కాకుండా ఖిజ్ర్ అనే జ్ఞాని ఒక బాలుణ్ణి చంపడం లాంటిదనీ, పైకి కనిపించేదాన్ని బట్టి తీర్పు చెప్పవద్దనీ అన్నాడు. ఇంత సమర్థన అవసరమైందంటేనే కవికి కూడా ఇబ్బంది ఉందని నేననుకుంటాను. లౌకిక ప్రేమ దైవప్రేమకు మెట్టు అన్నప్పుడు ఆ మెట్టు ఒక ప్రాణమున్న మనిషి అన్న సంగతిని వంతెన సూత్రం ఎలా దాటవేస్తుందో ఈ కథ చూపించినంతగా ఇంకేదీ చూపించదు.

ఆ తరువాత 15వ శతాబ్దిలో హేరాత్ కవి జామీ దీన్నంతా మర్యాదైన సూత్రంగా స్థిరపరిచాడు. మజాజీ అయినా సరే ప్రేమ నుంచి ముఖం తిప్పుకోకు, సత్యం కోసం పనికివచ్చేది అదేనని "యూసుఫ్ వ జులేఖా"లో రాశాడు. శిష్యరికం కోరి వచ్చినవాణ్ణి, నీకు ప్రేమ దారిలో ఎదురుదెబ్బ తగలకపోతే ముందు వెళ్లి ప్రేమించి రా అని ఒక గురువు తిప్పి పంపిన కథ కూడా అక్కడిదే. కావ్యంలో, యూసుఫ్ ప్రవక్తను మోహించిన జులేఖా యౌవనాన్నీ చూపునూ పోగొట్టుకుని, విగ్రహాన్ని పగలగొట్టి దేవుడివైపు తిరిగాక యూసుఫ్‌ను తిరిగి పొందుతుంది. అయితే అప్పటికి ఆమెకు యూసుఫ్ మీద పాత మోహం లేదు, ఈసారి వెంటపడేది యూసుఫే. అత్తార్ "పక్షుల సంభాషణ"లోని షేక్ సనాన్ కథ దీని పక్కన పెడితే మరింత కటువుగా కనిపిస్తుంది: వందల శిష్యులున్న గురువు ఒక క్రైస్తవ యువతి కోసం మద్యం తాగి, మతం వదిలి, పందులు కాస్తాడు. అతడు పోగొట్టుకున్నది ధార్మికుడినన్న పేరు. ఆ పేరు అడ్డుగా ఉన్నంతకాలం దేవుడి దగ్గరికి చేరలేడన్నది అత్తార్ లెక్క.

ఈ ఆలోచనలు దక్కను చేరేసరికి వాటి గొంతు మారింది. పారసీక కవిత్వంలో ప్రేమికుడు పురుషుడు, దేవుడు అతణ్ణి ఏడిపించే అందమైన ప్రియతమ. హిందవీ, దక్కనీ సూఫీ పాటల్లో ఆత్మ పెళ్లికూతురు, దేవుడు పెళ్లికొడుకు. సాధువు వర్ధంతిని ఉర్సు, అంటే పెళ్లి, అని పిలవడం ఈ ఊహకు సరిగ్గా సరిపోయింది. 17వ శతాబ్దిలో బీజాపూరు సూఫీలు ఆడవాళ్లు తిరగలి విసురుతూ పాడుకోవడానికి చక్కీనామాలు కట్టారు. వాటిలో తిరగలి పిడి నిటారుగా నిలిచిన అలిఫ్ అక్షరం, అంటే అల్లా పేరులోని మొదటి అక్షరం. నాయికగా మారి దేవుణ్ణి కోరే భక్తి అన్నమయ్య, క్షేత్రయ్యల వల్ల తెలుగువారికి ఇంటి సంగతే కనుక ఇదంతా మనకు వింతగా అనిపించదు. తేడా మాత్రం ఉంది. క్షేత్రయ్య నాయికకు మువ్వగోపాలుడి దేహం ఎదుటే ఉంటుంది, ఆమె అతనితో పోట్లాడగలదు. సూఫీ ప్రియతమ రూపం దాల్చడు. రూపాల్లో తొంగి చూసి తప్పుకుంటాడు. అందుకే మజాజీ, హఖీఖీ అన్న తర్జనభర్జన అక్కడ అంతగా పెరిగింది, ఇక్కడ పెరగలేదు.

గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1635లో, ముల్లా వజ్హీ దక్కనీ వచనంలో "సబ్‌రస్" రాశాడు. పారసీక కవి ఫత్తాహీ కథకు ఇది దక్కనీ రూపం. ఇందులో బుద్ధి ఒక రాజు, అతని కొడుకు హృదయం. ప్రేమ ఇంకో రాజు, అతని కూతురు సౌందర్యం. అమృతజలం కోసం హృదయం తన వేగుగా చూపును పంపుతాడు, చూపు సౌందర్యం జాడ తెస్తుంది, ఇద్దరు రాజుల మధ్య యుద్ధం వస్తుంది. అబూ హామిద్ గజాలీ ఐదు కారణాలుగా విడగొట్టినదాన్ని వజ్హీ పాత్రలుగా మలిచి, చార్మినార్ చుట్టూ మాట్లాడే భాషలో అందరికీ అందించాడు. బుద్ధికి ప్రేమతో సంధి కుదరవలసిందే తప్ప, బుద్ధిని చంపి ప్రేమ గెలవడం ఇందులో ఉండదు.

అదే దక్కనీ నేల నుంచి వచ్చిన సిరాజ్ ఔరంగాబాదీ 18వ శతాబ్దిలో రాసిన ఒక గజల్‌ను ఖవ్వాలులు ఈనాటికీ పాడుతున్నారు. ప్రేమ కలిగించిన విస్మయపు కబురు విను, ఉన్మాదమూ మిగల్లేదు, అప్సరసా మిగల్లేదు, నువ్వూ మిగల్లేవు, నేనూ మిగల్లేను, మిగిలింది ఒళ్లు తెలియనితనమే అని దాని ఎత్తుగడ. సిరాజ్ యౌవనంలో మతి చలించి దర్గాల చుట్టూ తిరిగినవాడు, తరువాత చిష్తీ అనే సూఫీ శాఖకు చెందిన గురువును ఆశ్రయించి కవిత్వం మానేసినవాడు. అందువల్ల ఆ గజల్‌లోని "నువ్వు" ఎవరన్న ప్రశ్నకు రెండు వైపుల నుంచీ సాక్ష్యాలు చూపించవచ్చు, పండితులు చూపించారు కూడా. కానీ గజల్ చెప్పేదాన్ని అక్షరాలా తీసుకుంటే ఆ "నువ్వు" మొదటి ద్విపదలోనే చెరిగిపోయింది, అడిగే "నేను" దానితో పాటే పోయింది. దాన్ని మనిషికి అంటగట్టాలన్నా దేవుడికి అంటగట్టాలన్నా రెండో ద్విపదకు వెళ్లేలోపే చేయాలి.